గడప బయట మోగ్లీ

1993లో దూరదర్శన్‌లో ఆదివారం పొద్దున 'జంగిల్ బుక్' వచ్చేది. జపానోళ్ళు గీసిన బొమ్మలు, హిందీ మాటలు. మా మాదిగపల్లెలో టీవీ లేదు. ఊళ్ళో ఆసామి వాకిట్లో నిలబడి కిటికీ ఊచల్లోంచి చూసేవాళ్ళం. హిందీ ముక్క అర్థమయ్యేది కాదు గానీ గోచీ పెట్టుకున్న ఆ పిల్లాడు మావాడే అనిపించేది. వాణ్ణి తోడేళ్ళు పెంచుకున్నాయి. మమ్మల్ని మనుషులు గడప తొక్కనివ్వలేదు.

మొన్న బడిలో పిల్లలకి జాన్ ఫావ్రో 2016లో తీసిన సినిమా వేశాను. మోగ్లీగా నీల్ సేథీ మాత్రం మనిషి, జంతువులన్నీ కంప్యూటర్ బొమ్మలే. కరువొస్తే పులీ జింకా ఒకే చోట నీళ్ళు తాగుతాయి, అప్పుడు వేట కూడదు. కిప్లింగ్ 1894లోనే రాసిన సంగతి ఇది. అక్కడ మోగ్లీ చిప్పతో నీళ్ళు ముంచుకుంటాడు. జంతువులు గుడ్లప్పగించి చూస్తాయి. నాకు గొంతు ఎండిపోయింది. ఆసామి ఇంట్లో దాహమడిగితే మాకు పైనుంచి దోసిట్లో పోసేవాళ్ళు. చెంబు ముట్టకూడదు.

ఇంకోటి మింగుడుపడలేదు. ఏనుగులొస్తుంటే బఘీరా తల వంచమంటాడు, అడవిని చేసింది వాళ్ళేనట. దర్శకుడు దాన్ని ఎంతో అందంగా తీశాడు, అదే నా బాధ. మా ఊరి చెరువుకట్టకి మన్ను మోసింది మా తాతలు. వాళ్ళకెవరు తల వంచారు? గోతిలో పడ్డ గున్నేనుగుని మోగ్లీ తాళ్ళతో పైకి తీసే చోట మాత్రం ఫావ్రోని మెచ్చుకోవాలి, చేతిపనికి విలువిచ్చాడు.

"సార్, చిప్పతో ముంచుకుంటే తప్పేంటి?" అంది ఐదో తరగతి పిల్ల. బొమ్మ ఆపి, ఆ వాకిలి సంగతి చెప్పాను.