చిత్రము ఆడకున్న దోషమెవరిది?
మీడియా ప్లేయర్లపై ఒక విమర్శ

శంషాబాదు విమానాశ్రయమున 2008 మార్చి 23వ తేదీన విమానముల రాకపోకలు ప్రారంభమైనవి. అంతకు ముందు బేగంపేటలో దిగిన బంధువుల రాకను, ఇండ్లలోని పెండ్లిండ్లను చాల కుటుంబములు వీసీడీ పళ్ళెములపై దాచుకొన్నవి. నేడు శంషాబాదులో దిగువారు తమ చిత్రములను చేతిఫోనులలోనే తెచ్చుచున్నారు. ఆనాటి పళ్ళెములోని ఫైలును మీటిన, అది చిత్రమని కంప్యూటరు గుర్తింపదు. ఈనాటి ఫోను చిత్రమును బడిలోని పాత కంప్యూటరు ఆడింపదు. ఈ ఫార్మాటునకు మద్దతు లేదని తెరపై ఒక వాక్యము మాత్రము కనబడును. ఆ వాక్యము అసత్యము కాదు. అయినను దానివలన తెలియునది మిక్కిలి స్వల్పము. ఏమి లోపించినది, ఎందుకు లోపించినది అను రెండు ప్రశ్నలకు అందు సమాధానము లేదు.

మొదటి ప్రశ్నను తీసికొందము. విమానాశ్రయమున సామానుల పట్టీపై వచ్చు పెట్టెకు ఒక చీటీ కట్టియుండును. చీటీ చూచి పెట్టె ఎచ్చటినుండి వచ్చినదో చెప్పగలము గాని లోపల ఏమున్నదో చెప్పలేము. వీడియో ఫైలు అట్టిదే. ఎంపీ4, ఎంకేవీ, ఏవీఐ అనునవి పెట్టెల పేర్లు. లోపలి దృశ్యమును, శబ్దమును కుదించి వ్రాసిన పద్ధతి వేరు. దానికి కోడెక్కు అని పేరు. ఒకే ఎంపీ4 పెట్టెలో హెచ్.264 ఉండవచ్చును, హెచ్‌ఈవీసీ ఉండవచ్చును, ఏవీ1 కూడ ఉండవచ్చును. పెట్టెను తెరువగలిగియు లోపలి వ్రాతను చదువలేని ప్లేయరు శబ్దము మాత్రము వినిపించి నల్లని తెరను చూపుట అందుచేతనే.

ఇంతగా కుదింపనేల యని విద్యార్థులు అడుగవచ్చును. వీసీడీలో ఒక్కొక్క చిత్రము అడ్డముగా 352, నిలువుగా 288 చుక్కలు గలది. ఒక్కొక్క చుక్క రంగును 24 బిట్లలో వ్రాసి, సెకనునకు 25 చిత్రములు చూపవలెనన్న, సెకనునకు సుమారు 6 కోట్ల 8 లక్షల బిట్లు కావలెను. వీసీడీలో దృశ్యమునకు గల అవకాశము సుమారు 11 లక్షల 50 వేల బిట్లే. అనగా ఏబది మూడు వంతులలో ఒక వంతు. రన్‌వేపై విమానము కదలుచున్నప్పుడు వెనుకనున్న భవనములు కదలవు. కదలని భాగమును మరల వ్రాయక, కదలినదానిని మాత్రమే వ్రాయుట ఈ కుదింపులోని ముఖ్య సూత్రము. కుదించిన సూత్రము తెలిసిన డీకోడరు లేనిచో ఆ ఫైలు అర్థము లేని అంకెల రాశి మాత్రమే.

ఇక రెండవ ప్రశ్న. డీకోడరు ఎందుకు లేదు? యంత్రమునకు శక్తి చాలక అది లేకపోవుట కొన్ని వేళల నిజమే. పెక్కు వేళల కారణము ధనము. ఎంపెగ్‌-2లోని అంశములకు ఒకప్పుడు పేటెంట్లు ఉండెను; హెచ్‌ఈవీసీ వంటి పద్ధతులలోని అంశములకు నేడును కలవు. డీకోడరును చేర్చిన సంస్థ రుసుము చెల్లింపవలెను. 2001లో వెలువడిన విండోస్ ఎక్స్‌పీలో డీవీడీకి కావలసిన ఎంపెగ్‌-2 డీకోడరు లేదు. విండోస్ 7లోని పెక్కు కూర్పులలో చేర్చిన ఆ సౌకర్యమును 2012 నాటి విండోస్ 8లో విండోస్ మీడియా ప్లేయరు నుండి మరల తొలగించిరి. విండోస్ 10లో హెచ్‌ఈవీసీ డీకోడరును కొద్ది వెలకు విడిగా అమ్మిరి. 2017 నుండి ఐఫోనులు ఆ పద్ధతిలోనే చిత్రములు తీయుటకు ఏర్పాటు కలిగినది. విదేశము నుండి వచ్చిన చిత్రము పల్లెలో ఆడకుండుటకు ఇదియొక కారణము. డీకోడరునకు ఎవరును వెల చెల్లింపలేదని చెప్పవలసిన చోట, మద్దతు లేదని ప్లేయరు చెప్పుచున్నది. నేరము ఫైలుదియే యని చూచువాడు తలచుచున్నాడు.

ఈ అజ్ఞానమునుండి రెండు తప్పుడు చికిత్సలు పుట్టినవి. మొదటిది, ఫైలు పేరు చివరి అక్షరములను మార్చుట. వీసీడీలోని ‘డాట్’ ఫైలు లోపల ఎంపెగ్‌-1 దృశ్యమే యుండుటచే, పేరు మార్చినప్పుడు కొన్ని ప్లేయర్లలో అది ఆడును. ఈ ఒక్క విజయమును చూచి అన్ని ఫైళ్ళకు ఇదే మందనుట పొరపాటు. చీటీ మార్చినంత మాత్రమున లోపలి వస్తువు మారదు. రెండవది, ఎచ్చటనో దొరకిన కోడెక్కును దించుకొనుట. ఇది అపాయకరము. 2005 చివరను బయటపడిన జ్లాబ్ అను దుష్ట ప్రోగ్రాము, చిత్రము చూచుటకు కావలసిన కోడెక్కు వేషమున కంప్యూటర్లలో చొరబడినది.

ఈ సందర్భమున వీఎల్‌సీ అను ప్లేయరును పరిశీలింపవలెను. ఇది 1996లో ఫ్రాన్సు దేశమున ఎకోల్ సంత్రాల్ పారీ అను ఇంజనీరింగు విద్యాలయపు విద్యార్థుల పనిగా మొదలై, 2001లో జీపీఎల్ లైసెన్సు క్రింద అందరికిని విడుదలయైనది. దీని గొప్పతనము రెండు విధములు. డీకోడర్లను తనలోనే యుంచుకొనుటచే విండోస్ ఇచ్చు డీకోడర్లపై ఆధారపడదు. వానిలో పెక్కు 2000లో ప్రారంభమైన ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అను స్వేచ్ఛా ప్రాజెక్టునుండి వచ్చినవి. మరియు, చీటీని మాత్రమే నమ్మక పెట్టెలోనికి తొంగిచూచును. వీసీడీ ఫైలు, సగము దిగిన ఫైలు సైతము ఇందు తరచుగా ఆడుట అందువలననే.

గుణముల వలెనే లోపములును చెప్పవలెను. పాత కంప్యూటరులో హెచ్‌ఈవీసీ చిత్రము ఆడినను అడుగడుగునకు ఆగును. డీకోడరు దొరకినంతనే ప్రాసెసరునకు బలము రాదు. ఫైలును మార్చు పట్టికలోని పేర్లు నిపుణునికే తెలియును. అన్నిటికంటె పెద్ద లోపము వేరొకటి. ఫైలులో ఏ కోడెక్కు కలదో చూపు పట్టిక ఇందు కలదు. కంట్రోలు మీటను పట్టి జె మీటను నొక్కిన అది తెరచుకొనును. విద్యార్థికి పాఠము కాదగిన ఆ పట్టికను ఉపకరణముల జాబితాలో ఒక మూలను దాచిరి. అన్నిటిని ఆడించు ప్లేయరు ఏమియు నేర్పకపోవుట విచారకరము.

2022లో వీడియోల్యాన్ సంస్థ వెబ్‌సైటు మన దేశమున కొన్ని నెలలపాటు నిరోధింపబడి, నవంబరులో ఆ నిరోధము తొలగినది. అసలు ద్వారము మూసినప్పుడు అవసరము గలవాడు ప్రక్కదారి వెదకును. ప్రక్కదారిలో పైన చెప్పిన అపాయము పొంచియుండును. ఇట్టి నిర్ణయములు చేయువారు ఈ సంగతిని గమనింపవలెను.

ఉపాధ్యాయులు చేయదగినది కొంత కలదు. ఆడని ఫైలు చేతికి వచ్చినప్పుడు ముందు దాని కోడెక్కు నెరుగుడు. లోపలి దృశ్యమును మార్చక పెట్టెను మాత్రము మార్చుట పుస్తకమునకు అట్ట మార్చుట వంటిది, నష్టము లేదు. కోడెక్కునే మార్చుట అనువాదము వంటిది; ప్రతిసారియు కొంత జారిపోవును. కావున మూలమును చెరుపక దాచుడు. పాఠములను పంచుటకు నేడు హెచ్.264 గల ఎంపీ4 ఎక్కువ యంత్రములలో ఆడును. 2018లో ప్రకటింపబడిన ఏవీ1 రుసుము లేకుండ వాడుటకై రూపొందినది. మున్ముందు ప్రజాధనముతో తయారగు పాఠములకు అట్టి పద్ధతులే తగినవి. గురువుగారి పాఠమైనను, తాతగారి మాటలైనను, తెరచు సాధనము లేనిచో ఉండియు లేనట్లే యగును.