ఓడ పట్టీలు, స్వేచ్ఛా పత్రములు: పూర్వుల జాడ తీయు పద్ధతిని గూర్చిన విమర్శ

వంశచరిత్ర రచనము మనవారికి క్రొత్త విద్య కాదు. శాసనముల తొలి భాగము వంశావళియే. కృతిపతి వంశవర్ణనము లేని ప్రబంధము అరుదు. ఐనను ఆ వంశావళులన్నియు దానమిచ్చినవారివి, కృతి నందినవారివి. దానము పుచ్చుకొన్నవారి పేరును కొంత దొరకును. దానమిచ్చిన మడిని దున్నినవాని పేరు మాత్రము రాతి కెక్కలేదు. బి. ఎల్. రైసు దొర 1905లో ప్రకటించిన కోలారు జిల్లా శాసన సంపుటమును చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములవారు తెరచి చూచినచో నాయకులు కనబడుదురు, గౌడులు కనబడుదురు, అగ్రహారముల బ్రాహ్మణులు కనబడుదురు, వీరగల్లులపై యుద్ధమున పడిన బంట్లును కనబడుదురు. కూలివాడు కనబడడు.

మరి ఆ కూలివాని మునిమనుమడు తన పూర్వుని నెచట వెదకవలెను? ఈ ప్రశ్న మండికల్ వంటి ఊరిలో పుట్టినదానికంటె డర్బనులోను, పోర్టు లూయీలోను, సువాలోను ఎక్కువగా పుట్టుచున్నది. అచటి తెలుగు కుటుంబములు తాతముత్తాతల ఊరిపేరు వెదకుచు ఓడ పట్టీలను ఆశ్రయించుచున్నవి. దొరకిన పంక్తిని వేదవాక్యముగా గైకొనుటయు జరుగుచున్నది. ఆ పంక్తిని ఎట్లు చదువవలెనో, ఎచట నమ్మవలెనో, ఎచట సందేహింపవలెనో విచారించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

ఈ విచారమునకు అమెరికాలోని నీగ్రో పూర్వుల పరిశోధనము మంచి దృష్టాంతము. అచట బానిసత్వ మున్న కాలముననే బానిసలు కాని నల్లవారును కొందరుండిరి. 1790 నాటి తొలి జనాభా లెక్కలో ఇంటి యజమాని పేరు మాత్రమే వ్రాయబడెను. తక్కినవారు అంకెలు. తెల్లవారికి వేరు గడులు, బానిసలకొక గడి, 'ఇతర స్వతంత్రులు' అను వారందరికి కలిపి మరియొక గడి. స్వతంత్రుల నందరిని పేరు పేరున వ్రాయుట 1850 లెక్కతో మొదలైనది. ఆ యేటనే బానిసలను యజమాని పేరు క్రింద వయస్సు, లింగము, వర్ణము మాత్రము చూపి వ్రాసిరి. పేరునకు చోటులేదు. కాబట్టి 1850కి పూర్వపు నల్ల పూర్వుని వెదకువాడు జనాభా లెక్కను విడిచి కోర్టు పుస్తకములను, పన్ను పట్టీలను, వీలునామాలను వెదకవలసియున్నది. పాల్ హైనెగ్ అను పరిశోధకుడు వర్జీనియా, ఉత్తర కరోలినా, మేరీలాండు మొదలగు సీమల కోర్టు దస్త్రములను గాలించి స్వతంత్ర నల్ల కుటుంబముల చరిత్రలను సంపుటములుగా కూర్చెను. ఆ కుటుంబములలో పెక్కింటికి మూలము యజమానుల దయవలన విడుదల పొందిన బానిసలని అంతకుముందు సామాన్యముగా తలచెడివారు. ఆతడు తేల్చినది వేరు: తెల్ల పనికత్తెలకు ఆఫ్రికా పురుషులవలన కలిగిన సంతానమే చాల కుటుంబములకు మొదలు. బిడ్డ స్థితి తల్లి స్థితి ననుసరించునని వర్జీనియా 1662లో చేసిన చట్టమే దీనికి కారణము. తల్లి స్వతంత్రురాలైనచో బిడ్డ బానిస కాడు. ఇంతటి సత్యము చరిత్ర గ్రంథములలో గాక, అక్రమ సంతానమును గన్నందుకు పనికత్తెకు శిక్ష విధించిన కోర్టు పుస్తకములలో దాగియుండెను.

ఇంకొక సంగతి. 1793లో వర్జీనియా శాసనసభ స్వతంత్రులైన నల్లవారందరు గుమాస్తా యొద్ద పేరు నమోదు చేయించుకొనవలెనని చట్టము చేసెను. ఆ పుస్తకములో వయస్సు, ఒంటి రంగు, పొడవు, ముఖముమీదనో చేతులమీదనో ఉన్న మచ్చ, పుట్టుకతో స్వతంత్రుడా, ఎవరైన విడిచినవాడా అనునది వ్రాయబడెను. తెల్లవానికి ఇట్టి పత్రము అక్కరలేదు. కావున ఈ పుస్తకము స్వేచ్ఛకు గుర్తుగా పుట్టలేదు, అనుమానమునకు గుర్తుగా పుట్టెను. ఐనను నేడు ఆ వంశమువారికి తమ ముత్తవ్వ ఎత్తెంతయో, ఆమె నొసట మచ్చ యెచట నుండెనో తెలుపగలది ఆ పుస్తకమొక్కటే.

ఆ దస్త్రములలో మన దేశమువారును లేకపోలేదు. 1635లో జార్జి మెనిఫీ అను వర్జీనియా భూస్వామి తాను తెప్పించిన మనుష్యుల లెక్క చూపి భూమి పొందినపుడు, ఆ పేర్లలో 'ఈస్టిండియను టోనీ' అని యొకటి కలదు. ఆ నాటికి ఆంగ్ల వర్తక సంఘమునకు మచిలీపట్టణమున 1611 నుండి కొట్టు కలదు. చెన్నపట్టణపు కోట ఇంకను కట్టబడలేదు. ఇది చూచినవెంటనే టోనీ తెలుగువాడేయని ప్రకటింప మనసు పుట్టుట సహజము. అట్టి ప్రకటన దేశాభిమాన మగును గాని చరిత్ర కానేరదు. ఆ పంక్తిలో భాష లేదు, ఊరు లేదు, తండ్రి పేరు లేదు. టోనీ అను పేరు తల్లి పెట్టినది కాదనుట తప్ప దానివలన మరేమియు సిద్ధింపదు. పత్రము మాటలాడనిచోట పరిశోధకుడు మాటలాడరాదు. మన వంశచరిత్రకారులకు ఈ నిగ్రహము తక్కువ.

ఇక మనవారి ఓడ పట్టీలకు వత్తము. మారిషసునకు 1834 నుండి, నటాలునకు 1860 నుండి, ఫిజీకి 1879 నుండి ఒప్పందపు కూలీలు పోయిరి. నటాలునకు మొదటి ఓడ 'ట్రూరో' చెన్నపట్టణమునుండియే బయలుదేరి 1860 నవంబరు 16న డర్బను చేరెను. 1911లో ఆ వలస ఆగుసరికి 1,52,184 మంది అచట దిగిరి. ప్రతి మనిషికి ఒక సంఖ్య. పట్టీలో సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, కులము, జిల్లా, ఊరు, ఒంటి మచ్చలు. వర్జీనియా గుమాస్తా పుస్తకమునకును దీనికిని గల పోలిక దిగ్భ్రాంతి కలిగించును. భూమియొక కొసను ఒక గుమాస్తా, ఇంకొక కొసను మరియొక గుమాస్తా, మనుష్యుని గుర్తింపవలసివచ్చినపుడు మచ్చలనే వెదకిరి.

పోలిక ఇంతటితో ముగియదు. అయిదేండ్ల ఒప్పందము తీరిన వానిని నటాలులో 'స్వతంత్ర భారతీయుడు' అనిరి. ఆ స్వేచ్ఛకు వెల కట్టిరి. 1895 నాటి 17వ చట్టముచే, తిరుగు ప్రయాణము చేయక, మరల ఒప్పందమునకును ఒడబడక నిలిచినవాడు ఏటేట మూడు పౌనులు చెల్లింపవలసెను. 1903లో ఆ పన్ను ఎదిగిన పిల్లలకును వ్యాపించెను. 1913 సమ్మె తరువాత, 1914లో గాని అది తొలగలేదు. మారిషసులో 1867 చట్టము ఒప్పందము తీరిన పాత కూలీలు ఛాయాచిత్రముతో కూడిన టిక్కెట్టును వెంట మోయవలెనని శాసించెను. టిక్కెట్టు లేకున్న చెఱసాల. దీనికి విరుద్ధముగా 1871లో అడాల్ఫు దె ప్లెవిట్జు పూనికతో 9,401 మంది చేవ్రాళ్ళతో అర్జీ పోయెను. దానిపై రాజకీయ విచారణ సంఘము వచ్చెను. మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రపరుపబడిన ఆ ముఖములను నేడు మనుమలు చూచి కన్నీరు పెట్టుకొనుచున్నారు. ఆ చిత్రము తీయించుకొన్ననాడు తాత ఏమనుకొనెనో కూడ ఆలోచింపదగును.

పట్టీ ఎవరికొరకు వ్రాయబడెనో తెలిసిన పిమ్మట, ఎట్లు వ్రాయబడెనో చూడవలెను. చెప్పినవాడు తెలుగువాడు. విన్నవాడు దుబాసీ. వ్రాసినవాడు ఆంగ్ల లిపిలో వ్రాసెను. ఆ లిపిలో ళకారము లేదు, ణకారము లేదు, ట-త భేదము లేదు, హ్రస్వదీర్ఘములు నిలువవు. ఇన్ని జల్లెడలలో పడి వచ్చిన పేరును మరల తెలుగులోనికి తెచ్చుట నిఘంటువు పని కాదు, చెవి పని.

చెవి గలవానికి పేరు చాల చెప్పును. అప్పలస్వామి, అప్పన్న, సింహాచలము అను పేర్లు కనబడినపుడు విశాఖపట్టణము, శ్రీకాకుళము వైపు చూపు త్రిప్పవలెను. అవి సింహాద్రి అప్పన్న మ్రొక్కుబడి పేర్లు. మునియప్ప, మునెమ్మ, మునివెంకటప్ప అనునవి కోలారు, చిక్కబళ్ళాపురము, చిత్తూరు సీమల కలవాటైన పేర్లు. ఐనను తమిళులలోను మునిస్వాములు, మునియమ్మలు పెక్కురు గలరు గనుక ముని శబ్దమొక్కటే చాలదు. దానికి జిల్లా గడిలో మైసూరు తోడైనపుడే బలము. నాయుడను బిరుదమును చూచి తెలుగని తేల్చుటయు తొందరపాటే. మారిషసులో పుట్టి ట్రాన్సువాలులో గాంధీజీకి కుడిభుజమైన తంబి నాయుడును గాంధీజీ తన సత్యాగ్రహ చరిత్రలో తమిళునిగానే పేర్కొని, ఆతనికి తెలుగును కొంత వచ్చునని వ్రాసెను. ఇంటిపేరు, ఇంటిమాట, పుట్టినచోటు మూడును మూడు త్రోవలు పట్టిన జీవితమది.

ఇంటిపేరు ప్రసక్తి వచ్చినది గాన ఒకమాట. పట్టీలో తెలుగువాని ఇంటిపేరునకు గడి లేదు. నటాలులో తండ్రి పేరో, కులబిరుదమో తరువాతివారికి ఇంటిపేరైనది. ఒక తల్లి బిడ్డలు రెండు ఇంటిపేర్లతో సాగుటయు కలదు. కావున నేటి ఇంటిపేరును పట్టుకొని ఊరిలో వెదకుట వ్యర్థము. 'గాడు' అను ప్రత్యయము గల పేరు దొరకినపుడును జాగ్రత్త వలయును. విదేశమున పుట్టిన మనుమడు దానిని పేరులో భాగమనుకొనును. తెలుగెరిగినవాడు అది తల్లి పిలిచిన పిలుపు కాదనియు, ఊరి కామందు పిలిచిన పిలుపనియు గ్రహించును. ఆ పిలుపే గుమాస్తా కలమున చిక్కి సముద్రము దాటెను. అట్టి పేరును వంశవృక్షమున వ్రాయునపుడు ప్రత్యయమును విడిచి, పత్రమున ఎట్లున్నదో క్రింద సూచించుట మర్యాద.

కాలమును బట్టియు పరీక్ష కలదు. నటాలు వలస 1866లో ఆగి మరల 1874లో గాని మొదలు కాలేదు. కనుక తాత 1870లో నటాలు ఓడ యెక్కెనను కుటుంబ కథలో ఏదో తప్పున్నది. ఫిజీకి చెన్నపట్టణమునుండి ఓడలు పోసాగినది 1903లో. అంతకు పూర్వము కలకత్తానుండియే పోయెను. ఈ రెండు తేదీలతోనే ఎన్నో కథలు సరిదిద్దబడును. తిరుగువారును గలరు: ఒకే మనిషి రెండుమార్లు, రెండు సంఖ్యలతో పోయియుండవచ్చును.

ఈ పట్టీలపై జరిగిన కృషిలో రెండు గ్రంథములు ముఖ్యములు. సురేంద్ర భానా 1991లో ప్రకటించిన గ్రంథము 1860 నుండి 1902 వరకు గల నటాలు ఓడ పట్టీలను లెక్కలుగా విభజించి, వయస్సు, లింగము, కులము, జిల్లాల నిష్పత్తులను చూపెను. అశ్విన్ దేశాయి, గులాం వాహెద్ కలిసి 2007లో వెలువరించిన గ్రంథము లెక్కను ప్రక్కకు పెట్టి, ఫిర్యాదులు, అర్జీలు, కోర్టు కాగితములనుండి ఒక్కొక్క మనిషి కథను పైకి తీసెను. మొదటిదానిలో మనిషి అంకెలో మునిగిపోవును. రెండవదానిలో కచేరి గుమ్మమెక్కినవాడే కనబడును. తన్నులు తిని ఊరకున్నవాడు, అయిదేండ్లు చెరకు నరికి తోట వేసుకొన్నవాడు కనబడడు. రెండవ గ్రంథము చదువుటకు గొప్పది. వంశమును వెదకువానికి మొదటిదే మేలు. కథలో కదలిపోక, తన పూర్వుడు ఎంతమందిలో ఒకడో తెలిసికొనును. కులపు గడిని రెండు గ్రంథములును సందేహించుటయే సరియైన పని. ఓడ యెక్కునపుడు కులమును మార్చి చెప్పుటకు ఎవనికైనను కారణ ముండవచ్చును. దానిని నేడు తిరిగి నిజము చేయ ప్రయత్నించువారిని చూచిన జాలి కలుగును.

మండికల్ ప్రాంతమునకు వచ్చునపుడు చిక్కు రెట్టించును. ఇక్కడ ఇంట తెలుగు, కచేరిలో కన్నడము. 'పల్లి' అని జనులు పలికినదే కాగితముమీద 'హళ్ళి' కావచ్చును. పాత పత్రములలో జిల్లా కోలారు. చిక్కబళ్ళాపురము జిల్లాగా ఏర్పడినది 2007లో. కొన్నిట కోలారును లేదు, ఉత్త మైసూరే. మైసూరు అనినంతనే పరదేశములోని మనుమడు ఆ నగరమునకు పోయి వెదకుచున్నాడు. 1860 నాటికి మైసూరనగా ఇంగ్లీషు కమిషనరు పాలించిన సీమయంతయు నని తెలియక. 1876-78 కరవులో ఆ సీమలో పదిలక్షలమంది మరణించిరి. ఆ నాడు ఇల్లు విడిచినవాడు సముద్రము దాటెనో, దారిలో పడిపోయెనో ఊరివారికి తెలియలేదు, ఇరువురును తిరిగిరానివారే.

ఊరిలో నిలిచిన సాక్ష్యమేది? కన్నడ సీమలో హెళవలు, తెలుగు సీమలో పిచ్చుకుంట్లవారు కుటుంబముల వంశావళులను తరతరములుగా చెప్పుచున్నారు. హెళవలు ఎద్దు నెక్కి ఇంటింటికి వచ్చి, పుట్టినవారిని గిట్టినవారిని చేర్చుకొని పోవుదురు. వారి పుస్తకములను మూఢనమ్మకములని త్రోసివేసిన చదువరులు పెద్ద పొరపాటు చేసిరి. ఐనను ఆ పుస్తకములకును హద్దు కలదు. ధాన్యమిచ్చు రైతు కుటుంబమే అందుండును. ధాన్యము లేనివానికి హెళవ రాడు. ఓడ యెక్కినవారిలో ఆ ధాన్యము లేనివారే ఎక్కువమంది.

అందుచేత వెదకువాడు ఒక క్రమమును పాటింపవలెను. ముందు సంఖ్య. మనిషిని అంకెగా చేసినందుకు ఎంత రోత పుట్టినను, పేరు మారినను మారనిది అదియే. పెండ్లి, మరణము, బిడ్డల పుట్టుక ఆ సంఖ్య క్రిందనే దొరకును. తరువాత ఒకే ఓడలో, ప్రక్క సంఖ్యలలో, అదే ఊరిపేరుతో ఎవరైన గలరా యని చూడవలెను. ఒక ఊరివారు కలిసి బయలుదేరుట వాడుక. ఒకరి పంక్తిలో చెడిన ఊరిపేరు ఇంకొకరి పంక్తిలో చక్కగా నుండవచ్చును. ఆ పిమ్మటనే ఊరికి రావలెను. ఫిజీ పత్రములలో ఇంకొక గడి కలదు: దగ్గరి బంధువు పేరు. కూలీ మరణించినచో ఎవరికి తెలుపవలెనో వ్రాయుటకు అది ఏర్పడినది. తక్కిన గడులన్నియు పోయినవానిని గూర్చినవి. ఇది ఊరిలో మిగిలిన అన్ననో, తల్లినో గూర్చినది. ఊరిలోని పాత కందాయపు లెక్కలతోను, ముసలివారి జ్ఞాపకములతోను పోల్చి చూడదగినది ఆ పేరే. పోయినవాని పేరు రెండు తరములకు ఊరు మరచును. నిలిచినవాని పేరు ఇంకను ఒక మనుమనికి పెట్టబడియుండును.