ఓర్పు – దీర్ఘశాంతము

క్రైస్తవవేదము తెలుఁగున ననువదింపఁబడిన పిదప మన ప్రాఁతమాటలు కొన్ని క్రొత్తయర్థమును దాల్చినవి. ఓర్పు, దీర్ఘశాంతము ననునవి యట్టివి. ఇవి మూలభావము నెంతవఱకు మోయుచున్నవో యించుక విచారింతము.

మూలమగు గ్రీకుభాషయందు హుపొమొనె, మక్రోథుమియ యని రెండు పదములు గలవు. బరువుక్రింద చెదరక నిలుచుట మొదటిదాని భావము. కోపమునకు త్వరపడకుండుట రెండవదాని భావము. మొదటిదానిని మనవా రోర్పనిరి. రెండవదానిని గలతీయులకు వ్రాయఁబడిన పత్రికలో దీర్ఘశాంతమనిరి. మూలపదమునందలి దీర్ఘత్వమును విడువక, చెవికి నింపుగా నున్న యీ యనువాదము మిక్కిలి శ్లాఘనీయము.

రోమీయులకు వ్రాయఁబడిన పత్రిక 5వ యధ్యాయమున మాత్ర మొక లోపము గానవచ్చుచున్నది. శ్రమవలన నోర్పు, ఓర్పువలన దొకిమె, దానివలన నిరీక్షణ గలుగునని పౌలు మెట్లు గట్టి చూపెను. దొకిమె యనఁగా నిచట పరీక్షకు నిలిచి నిగ్గుతేలిన గుణము. చిరకాలముగా వాడుకలో నున్న తెలుఁగు బైబిలులో నీ తావున పరీక్ష యని యున్నది. ఓర్చినవానికి మరల పరీక్ష యేల యని చదువరి శంకించును. బంగారమునకు పుటము వేఱు, పుటమున దేలిన వన్నె వేఱు. పౌలు చెప్పినది వన్నెనుగూర్చి. ఈ యొక్కమాటచేత నాత్మాభివృద్ధి క్రమమున నడిమిమెట్టు మఱుఁగుపడినది.

యాకోబు పత్రిక 5వ యధ్యాయమున వ్యవసాయకుని దృష్టాంతము గలదు. అచటి మూలక్రియ దీర్ఘశాంతమునకు మూలమైన పదమునకు జుట్టమే. తెలుఁగున నోపిక యని యుండుటచే నా చుట్టఱికము తెలియరాదు. తొలకరి యను మాటయు మనలను వేసవి చివరి వానలకుఁ గొనిపోవును. పాలస్తీనాదేశమున తొలివాన రమారమి అక్టోబరు, నవంబరు నెలలలో గురిసి, యెండిన నేలను దున్నుటకు మెత్తపఱచును. కడవరివాన మార్చి, ఏప్రిలు నెలలలో గురిసి గింజను నిండించును. నడుమ చలికాలమంతయు రైతు కాచుకొనవలయును. అట్లని యాతఁడు చేతులు ముడుచుకొని కూర్చుండినవాఁడు కాఁడు. దున్నుట, విత్తుట తనపని. వాన తన చేతిలోనిది కాదు. ఈ రెంటి భేద మెఱిఁగి నిలుచుటయే క్రైస్తవుని యోపిక.

ఆ యధ్యాయముననే యోబు సహనమునకు నిదర్శనముగాఁ బేర్కొనఁబడెను. యోబు గ్రంథమును జదివినవారి కిది వింతగాఁ దోఁచును. 3వ యధ్యాయమున నాతఁడు తన పుట్టినదినమును శపించెను. పిమ్మట దేవునితోనే వాదమునకు దిగెను. అయినను తుదకు దేవుఁడు, తన పక్షమున వాదించిన మిత్రులను గాక, యోబునే సరిగాఁ బలికినవానినిగా నెంచెను. కాఁబట్టి మూలుగకుండుట సహనము కాదు; మూలుగుచును దేవుని విడువకుండుట సహనము. దుఃఖితుని జూచి ఓర్చుకొమ్మని నోరు మూయించువారు యోబు మిత్రుల త్రోవ ద్రొక్కుచున్నారు గాని యోబు త్రోవ గాదు.

రోమీయపత్రికలో పరీక్ష యనుచోట నిగ్గు అనియో, పరీక్షకు నిలిచిన గుణమనియో యుండిన నర్థము తేటపడును. మాట చిన్నదే. కాని కష్టములో నున్నవాఁడు దానిని జదివి, తన కింకొక పరీక్ష రానున్నదని బెదరునో, తనలో నొక గుణ మేర్పడుచున్నదని ధైర్యము దెచ్చుకొనునో, యా మాటపై నాధారపడి యున్నది.