పాట పాడినదెవరు?

ఒక పాటను పాడినదెవరు, ఒక వేషమును ధరించినదెవరు, ఒక చిత్రము ఏ ఊరి హాలులో ఏ తేదీన మొదట ఆడినది అనునట్టి ప్రశ్నలను పొద్దుపోనివారి ప్రశ్నలుగా ఎంచువారు పెక్కుమంది కలరు. నేను వారిలో చేరను. ఇట్టివానికి సమాధానములు వెదకుట, ముఖమైనను ఎరుగని పదిమందిని అడుగుట, వారు పంపినదానిని పరీక్షించి నిజమును నిలుపుకొనుట ఒక విద్య యనియు, అందొక ధర్మము కూడ ఇమిడియున్నదనియు నా నమ్మకము. తెరమీద కనిపించినవారి పేరు లోకమునకు ఎట్లును తెలియును. తెరవెనుక గొంతునిచ్చినవారి పేరు, వరుస కట్టినవారి పేరు, బృందములో నిలిచి ఒక్క చరణము అందుకొన్నవారి పేరు ఎవరో ఒకరు పనిగట్టుకొని అడిగిననాడే బ్రతుకును.

దీనికి దేశమంతయు ఎరిగిన తార్కాణము ఒకటి కలదు. 1949లో 'మహల్' అను హిందీ చిత్రము వెలువడినప్పుడు, అందలి ప్రసిద్ధమైన పాట రికార్డుమీద గాయని పేరుండవలసిన చోట 'కామిని' అని, అనగా మధుబాల ధరించిన పాత్ర పేరునే అచ్చువేసిరి. రేడియోలో ఆ పాటను విన్న శ్రోతలు ఊరకుండలేదు. ఈ గొంతు ఎవరిదో చెప్పుడని ఉత్తరములు వ్రాసిరి. ఆ ఉత్తరముల తాకిడికి రేడియోవారు గ్రామఫోను కంపెనీవారిని విచారించి, పాడినది లతా మంగేష్కర్ అని ప్రకటించిరి. ఉత్తరము వ్రాసినవారెవరో ఆ గాయనికి తెలియదు, ఆమె ఎవరో వారికిని తెలియదు. అయినను ఆమెకు దక్కవలసిన పేరు ఆమెకు దక్కుటలో వారి చేయి ఉన్నది.

మన తెలుగు చిత్రములలో తొలినాళ్లలో వేషము కట్టినవారే పాడవలసియుండెను గనుక ఈ సందేహమునకు చోటు లేకుండెను. నాటి గుంటూరు జిల్లా మోపర్రుకు చెందిన ఎం.ఎస్. రామారావు గారు 1944లో 'తహసీల్దార్' చిత్రమున నాయకపాత్రధారి సి.హెచ్. నారాయణరావు గారికి గొంతునిచ్చి, తెలుగున తొలి నేపథ్యగాయకుడని ప్రసిద్ధికెక్కిరి. ఆ పద్ధతి పాదుకొన్న పిమ్మట కనిపించు పెదవి ఒకరిది, వినిపించు గొంతు మరొకరిది ఆయెను. పేర్ల పట్టీ చూచిన చాలునందురా? 1957 మార్చి 27న విడుదలైన 'మాయాబజార్' పట్టీలో సంగీతమునకు ఘంటసాల వారి పేరు కనబడును. కాని అందలి నౌకావిహారగీతము మొదలుగా నాలుగు పాటల వరుసలు సాలూరి రాజేశ్వరరావు గారు కట్టినవి. వారు నడుమ తప్పుకొనగా తక్కిన పాటలను, నేపథ్యసంగీతమును ఘంటసాల వారు నిర్వహించి చిత్రమును గట్టెక్కించిరి. పట్టీ ఒక్కటే చదివినవాడు ఆ నాలుగు వరుసలను ఒకరి ఖాతాలో వేసి మరొకరికి ఋణపడిపోవును.

ఇక మా ఊరి సంగతి. పల్నాటి యుద్ధపు కథను మా ప్రాంతపువారు ఇంటిసంగతివలె చెప్పుకొందురు. కారెంపూడి వీరుల తిరునాళ్లకు నేటికిని జనము కదలివెళ్లును. మొన్న నాదెండ్లలో ఒక అరుగుమీద ఇద్దరు పెద్దలకు 'పల్నాటి యుద్ధం' సినిమా విషయమై పట్టుదల వచ్చినది. "నాగమ్మ వేషం కన్నాంబది, బ్రహ్మనాయుడు రామారావు. పేటలో నేలక్లాసులో కూచుని చూసినోణ్ణి, నాకు చెబుతావా?" అని ఒకరు. "నాగమ్మ భానుమతి మామా! ఆమె పక్కన నాగేశ్వరరావు బాలచంద్రుడు. కన్నాంబ ఏంది?" అని మరొకరు. ఇద్దరిలో ఎవరును అబద్ధమాడు మనుష్యులు కారు. నేనా తగవును, పాత సినిమాలయందు ఆసక్తిగల కొందరికి ఫోనులో వ్రాసి పంపితిని. వారిలో ఏ ఒక్కరిని నేను కంటితో చూచియుండలేదు. మాచర్లనుండి ఒకరు జ్ఞాపకమునుబట్టి జవాబిచ్చిరి. సముద్రములకు ఆవల ఉద్యోగము చేయుచున్న మరొకరు తమ తండ్రిగారు దాచిన రెండు పాటల పుస్తకముల లోపలి పుటలను ఫోటో తీసి పంపిరి. వానితో తగవు తీరినది. చిత్రములు రెండు. మొదటిది గూడవల్లి రామబ్రహ్మం గారు ప్రారంభించి, 1946లో వారు కన్నుమూయగా ఎల్.వి. ప్రసాద్ గారు పూర్తిచేసిన 1947 నాటిది. అందు కన్నాంబ నాగమ్మ, గోవిందరాజుల సుబ్బారావు బ్రహ్మనాయుడు, అక్కినేని బాలచంద్రుడు. రెండవది గుత్తా రామినీడు గారి దర్శకత్వమున 1966లో వచ్చినది. అందు భానుమతి నాగమ్మ, ఎన్.టి. రామారావు బ్రహ్మనాయుడు, హరనాథ్ బాలచంద్రుడు. పెద్దలిద్దరును రెండు చిత్రములను చూచినవారే. పందొమ్మిదేండ్ల ఎడము వారి మనస్సులలో చెరిగిపోయి రెండును ఒకటై కలిసిపోయినవి.

ఆ పాటల పుస్తకములను ఈ కాలపు పిల్లలు చూచియుండరు గనుక కొంచెము చెప్పవలెను. ముతక కాగితముమీద అచ్చైన కొలది పుటలు, అట్టమీద నాయికానాయకుల బొమ్మ, లోపల తారాగణము, సాంకేతికవర్గము, ఆ తరువాత కథాసంగ్రహము, అదియు కథ చిక్కుపడు చోట ఆగి తక్కినది వెండితెరమీద చూడుడని చెప్పి ముగియును, చివరకు పాటలు. హాలు ముందర అణాలకు అమ్ముడైన ఈ పుస్తకము గొప్ప సాక్షి, ఏలయన చిత్రము ఆడుచున్న దినములలోనే అచ్చైనది. అయితే ఆ గుణమునుండియే దాని దోషమును పుట్టినది: పుస్తకము అచ్చైన పిదప తెరమీద కోతపడిన పాట పుస్తకములో నిలిచియుండును. కావున పుస్తకమును, రికార్డుమీది చీటీని, తెరమీది పట్టీని ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. మూడును కలిసిన సంతోషము. కలియనిచో ఏది ఏమి చెప్పుచున్నదో మూడింటిని వ్రాసియుంచుట మేలు. తేల్చలేనిదానిని తేలినట్లు వ్రాయుట పెద్ద అపచారము.

అడుగుటకును ఒక మర్యాద కలదు. "పాతపాట ఒకటి, తోటలో అమ్మాయి పాడుతుంది, ఏ సినిమా?" అని అడిగినచో ఎంతటి పండితుడైనను ఏమి చెప్పగలడు? ఎప్పుడు విన్నది, రేడియోలోనా హాలులోనా, పాడినది ఒంటరిగానా జంటగానా, తెరమీద ఎవరిని చూచినట్లు గుర్తు, జ్ఞాపకమున్న మాట ఒక్కటైనను ఏది, తాను ఇప్పటికే ఎక్కడెక్కడ వెదకెను అని ఇవన్నియు విప్పిచెప్పినచో అవతలివారి శ్రమ సగము తగ్గును. జవాబు వచ్చిన తరువాత "తమకెట్లు తెలిసినది?" అని వినయముతో మరల అడుగుట తప్పు కాదు, నిజముగా ఎరిగినవారు ఆ ప్రశ్నకు సంతోషింతురు. పోలికను సాక్ష్యముగా తీసికొనరాదు. 'మాయాబజార్'లో ఘటోత్కచుడు విందారగించుచు పాడు పాటలోని నవ్వుల వరుస, ఇంగ్లండున చార్లెస్ పెన్రోజ్ 1922లో రికార్డుచేసిన నవ్వుల పోలీసు పాటను తలపించునని చెవిగలవారు పలువురు గుర్తించిరి. ఆ గుర్తింపు విలువైనదే. కాని అక్కడినుండి ఇక్కడికి వరుస ఏ దారిని వచ్చెనో చూపు కాగితమో రికార్డో దొరకువరకు పోలికను పోలికగానే చెప్పవలెను.

ఈ నియమము ఎంత దూరము ఫలించునో మన పల్నాటి సంబంధముగల ఒక పనియే సాక్ష్యము. హెచ్.ఎం. రెడ్డి గారి 'భక్త ప్రహ్లాద' మన తొలి పూర్తి తెలుగు టాకీ. అది 1931 సెప్టెంబరు 15న విడుదలైనదని దశాబ్దములపాటు మన పుస్తకములు వ్రాయుచు వచ్చినవి. ఒకదానిని చూచి మరొకటి వ్రాసినది, ఆ మరొకదానిని చూచి పత్రికలు వ్రాసినవి, ఇందరు చెప్పినది అబద్ధమగునా అని చదువరులు నమ్మిరి. సరిచూచుకొందమన్న ఆ చిత్రపు ప్రతి లభించుట లేదు. పల్నాటి రెంటాలకు చెందిన కవి రెంటాల గోపాలకృష్ణ గారి కుమారులు, పాత్రికేయులు రెంటాల జయదేవ గారు ఆ తేదీని ఉన్నదున్నట్లు స్వీకరింపక, నాటి పత్రికలను, ప్రకటనలను, సెన్సారు వివరములను ఓపికతో వెదకి, ఆ చిత్రము 1932 జనవరి 22న సెన్సారు పొంది, ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమాహాలున మొదట ప్రదర్శితమైనదని నిరూపించిరి. నాలుగు నెలల పైచిలుకు తేడాకు ఇంత ప్రయాసమా యని అడుగువారు ఒక్కటి గమనింపవలెను. మద్రాసులో తమిళ టాకీ 'కాళిదాస్' 1931 అక్టోబరు 31న విడుదలైనది. తేదీ మారగానే రెండు భాషల టాకీలలో ఏది ముందు, ఏది వెనుక అన్న వరుసయే మారినది. నేడు ఫిబ్రవరి 6వ తేదీనే తెలుగు సినిమా దినముగా జరుపుకొనుచున్నాము. వందమంది చెప్పిన మాటను ఒక్క నాటి కాగితము మార్చినది.

శ్రీకృష్ణదేవరాయల కాలమున కొండవీటిని పాలించిన నాదెండ్ల గోపమంత్రి పేరు నేడు మనము చెప్పుకొనుచున్నామన్న, అది శాసనములకెక్కినందువలననే. సినిమా పాటలో వంతపాడిన బీదగాయనికి రాతిశాసనము ఎవరు వేయింతురు? ఆమెకు శాసనమైనను సాక్ష్యమైనను ఆ ముతకకాగితపు పుస్తకమే, ఆ గీతలుపడిన రికార్డే. అవి మన యిండ్లలోనే ఉన్నవి. సాతులూరులో, గణపవరములో, తూబాడులో తాతలనాటి రేకుపెట్టెలలో పెండ్లిపత్రికలతోను పొలము రసీదులతోను కలిసి పడియున్నవి. ఏటేట ఇల్లు సున్నముకొట్టునప్పుడు పాతకాగితముల బేరగానికి తూకమున పోవుచున్నవి.

కావున చదువరులకు నా విన్నపము ఇది. ఈ సంక్రాంతికి పెట్టె విప్పినప్పుడు పాటల పుస్తకముగాని పాత సినిమా పత్రికగాని చేతికి వచ్చినచో తూకమున వేయక ముందు పుటపుటను తిప్పిచూడుడు. అట్ట మొదలు చివరి పుటవరకు వెలుతురులో ఫోటోలు తీయుడు. అది ఎవరు కొన్నదో, ఏ ఊరి హాలులో కొన్నదో ఇంటి పెద్దలు బ్రతికియుండగనే అడిగి ఒక చీటీమీద వ్రాసి అందుంచుడు. ఎవరైనను ఎక్కడనుండియైనను అడిగినప్పుడు ఆలసింపక పంపుడు. తమకు జవాబు దొరకినప్పుడు ఇచ్చినవారి పేరు చెప్పి పదిమందికి అందింపుడు. ఏ దేశముననో కూర్చుండి ఒక గాయని పేరుకొరకు వెదకువానికి, తన జవాబు నాదెండ్ల మండలములో ఒక రేకుపెట్టెలో ఉన్నదని తెలియుటకు వేరు దారి లేదు.