నలభై గీతకు అటూ ఇటూ

ఒక మనిషికి కాలిలో 30 శాతం, చేతిలో 18 శాతం లోపం ఉందనుకుందాం. కూడితే 48. వైకల్యాన్ని కొలిచే కేంద్ర మార్గదర్శకాలు మాత్రం అలా కూడవు. ముందు పెద్ద అంకెను తీసుకుంటాయి. 90లో 30 పోతే మిగిలేది 60. రెండో లోపం ఆ మిగిలిన 60లోంచే తన వాటా తీసుకోవాలి. 18ని 60తో గుణించి 90తో భాగిస్తే 12 వస్తుంది. మొత్తం 42. పోయిన శక్తి మళ్లీ పోదు, రెండో దెబ్బ తగిలేది మిగిలిన శక్తికే అన్న ఆలోచన ఈ లెక్కలో ఉంది. ఎన్ని లోపాలు కలిసినా ఈ పద్ధతిలో మొత్తం 90 దాటదు. హైస్కూలు పిల్లలు చేయగల లెక్కతో ఇంత న్యాయాన్ని పట్టుకున్నవాళ్లంటే నాకు గౌరవం.

అదే మనిషిని పింఛను కోసం మళ్లీ పరీక్షకు పిలిచారు. కాలు అలాగే ఉంది. చేతిని ఈసారి 12 అని రాశారు. లెక్క వేస్తే మొత్తం 38. చేతిలో తగ్గింది ఆరు, మొత్తంలో తగ్గింది నాలుగే. ఆ నాలుగు అంకెల మధ్యనే 40 అనే గీత ఉంది.

ఈ గీతను గీసింది 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం. 1995 చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తిస్తే ఇది 21 రకాలను గుర్తించింది. దీన్ని చదివేటప్పుడు రెండో సెక్షన్ దగ్గర కాసేపు ఆగాలి. అక్కడ పక్కపక్కనే రెండు నిర్వచనాలున్నాయి. ఒకటి, నిర్దిష్ట వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్న వ్యక్తి. రెండోది, దీర్ఘకాలిక లోపం వల్ల, ఎదురయ్యే అడ్డంకుల వల్ల నలుగురితో సమానంగా సమాజంలో పాల్గొనలేకపోతున్న వ్యక్తి. ఈ రెండో నిర్వచనంలో అంకె లేదు. చట్టం రాసినవాళ్ల చేయి తిరిగినతనం నాకు ఇక్కడ బాగా కనిపిస్తుంది. ప్రభుత్వోద్యోగాల్లో 4 శాతం రిజర్వేషను, ఉన్నత విద్యలో 5 శాతం సీట్లు, ఆరు నుంచి పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఉచిత విద్య వంటివాటిని మొదటి నిర్వచనానికి కట్టారు. వివక్షకు గురికాకుండా ఉండే హక్కునూ, తగిన సదుపాయం పొందే హక్కునూ రెండోదానికి కట్టారు. ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చినవారిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు అనే రక్షణ 20వ సెక్షన్లో ఉంది. దానికీ 40 అనే షరతు లేదు.

ఈ తేడా కాగితం మీదే ఉండిపోలేదు. చేతి కండరాలు పట్టేసి రాయలేకపోయే ఒక అభ్యర్థి సివిల్స్ పరీక్షకు సహాయకుణ్ణి అడిగితే, నిర్ణీత శాతం లేదని కాదన్నారు. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, రాసిపెట్టే సహాయకుణ్ణి పొందే హక్కు 40 శాతం ఉన్నవాళ్లకే పరిమితం కాదని చెప్పింది. 2024లో ఓంకార్ గోండ్ కేసులో ఇదే ఆలోచన ఇంకోవైపు నుంచి వచ్చింది. వైకల్యం 40 శాతానికి మించిందన్న ఒక్క కారణంతో వైద్యవిద్యలో సీటు నిరాకరించడం కుదరదని, ఆ విద్యార్థి చదువు సాగించగలడా లేడా అన్నది బోర్డు విడిగా పరిశీలించాలని కోర్టు చెప్పింది. అంకె కింద ఉన్నవాడికీ, పైన ఉన్నవాడికీ కూడా అంకె ఒక్కటే సమాధానం కాదన్నమాట.

ఇక సర్టిఫికెట్ సంగతి. 2017 నిబంధనల్లో 19వది చిన్నదే అయినా దాని వెనక పెద్ద మనసుంది. ఒకసారి ఇచ్చిన వైకల్య ధ్రువపత్రం ప్రభుత్వ పథకాల రాయితీలన్నిటికీ చెల్లుతుందని అది చెబుతుంది. దేశమంతటా చెల్లుబాటు అవుతుందని చట్టంలోని 58వ సెక్షన్ కూడా చెబుతోంది. కుంటి కాలితో ఆఫీసుకో పరీక్ష చొప్పున తిరిగే బాధ తప్పించాలన్నది ఉద్దేశం. వైకల్య ధ్రువపత్రాల కోసం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన సదరం కూడా ఈ దారిలోదే. డాక్టరు కొలతలు నమోదు చేస్తే శాతాన్ని సాఫ్ట్‌వేర్ లెక్కగడుతుంది. అయితే ఒకే తూము నుంచి పది కాలువలు పారుతుంటే, ఒక కాలువ కోసం తూము మూసినా పదీ ఎండుతాయి. పింఛను కోసం చేసిన పునఃపరీక్షలో శాతం 40కి దిగువకు పడితే ఆ మనిషి బస్సు పాసుకే కాదు, ఉద్యోగ రిజర్వేషనుకూ ఎసరు రావచ్చు.

అన్నీ ఒకే తీరున ఆధారపడి లేవు గనక, ఏది దేనిమీద నిలబడిందో తెలుసుకోవడం ఈ రంగంలో నిజమైన నైపుణ్యం. రైల్వేది వేరే దారి. అక్కడ ఎముకలు, కండరాల వైకల్యం ఉన్నవారి విషయంలో ప్రశ్న శాతం గురించి కాదు, తోడు లేకుండా ప్రయాణం చేయగలరా లేరా అని. చేయలేనివారికి స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం రాయితీ ఉంది. దానికి రైల్వే ఫారం మీదే డాక్టరు సంతకం కావాలి. కేంద్రం ఇచ్చే ఇందిరాగాంధీ పేరిటి వైకల్య పింఛనుకు గీత 80 దగ్గర ఉంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో 80యూ సెక్షన్ 40 శాతానికి 75,000 రూపాయలు, 80, ఆపైన ఉంటే 1,25,000 రూపాయలు మినహాయించమంది. సర్టిఫికెట్‌కు గడువు ఉండి అది తీరిపోతే, మళ్లీ పరీక్ష చేయించుకుని కొత్తది తెచ్చేదాకా తర్వాతి సంవత్సరాలకు మినహాయింపు లేదని కూడా అందులోనే రాశారు. పునఃపరీక్ష ప్రభావం ఎప్పుడు మొదలవుతుందో, ఎంతవరకు పోతుందో ముందే చెప్పిన ఆ వాక్యం మిగతా పథకాలకు మాదిరి కావాలి. పింఛను ఉత్తర్వుల్లో ఇలాంటి స్పష్టత దొరకడం అరుదు.

ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి దివ్యాంగుల పింఛను 3,000 నుంచి 6,000 అయింది. మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవారికి 15,000. సొమ్ము పెరిగింది కాబట్టి అర్హత సరిచూడటం తప్పు కాదు. అబద్ధపు కాగితంతో తీసుకునే ప్రతి రూపాయీ నిజంగా లేవలేని మనిషి నోటి దగ్గరిదే. 2025లో డాక్టర్ల బృందాలు మళ్లీ పరీక్షలు జరిపాయి. ఆ ఆగస్టులో శాతం తగ్గినవారికి నోటీసులు అందాయి. అభ్యంతరాలు వచ్చాక అప్పీలు చేసుకునే వీలు కల్పించారు. అయితే ఆ రోజుల్లో 40 కన్నా తక్కువ వచ్చిన ప్రతివారినీ బోగస్ అనేసే మాట ఊళ్లో, ఆఫీసులో గట్టిగా వినిపించింది. ఈ మాట నన్ను బాధించింది. 38 శాతం ఉన్నవాడు దొంగ కాడు. అతని కాలు నిన్న ఎలా ఉందో ఇవాళా అలాగే ఉంది. చట్టం రెండో నిర్వచనం ప్రకారం అతను ఇప్పటికీ వైకల్యమున్న వ్యక్తే కావచ్చు. 2024లో నిబంధనలు సవరించినప్పుడు కేంద్రం ఇది మరిచిపోలేదు. యూడీఐడీ అనే వైకల్య గుర్తింపు కార్డులకు మూడు రంగులు పెట్టి, 80, ఆపైన ఉంటే నీలం, 40 నుంచి 80 లోపు పసుపు, 40 లోపువారికి తెలుపు అంది. గీతకు దిగువన ఉన్నవారికీ ఒక గుర్తింపు ఉందని ఆ తెల్ల కార్డు సాక్ష్యం.

కాబట్టి కొలిచే చేతి పనితనం మీద చాలా ఆధారపడి ఉంది. మంచి ఎముకల డాక్టరు కీలు ఎంత వంగుతుందో కంటితో అంచనా కట్టడు, గోనియోమీటరు పెట్టి డిగ్రీల్లో చూస్తాడు. కండరాల బలాన్ని సున్నా నుంచి ఐదు దాకా ఉన్న కొలతలో రాస్తాడు. కాలికైతే కదలికను విడిగా, నిలకడను విడిగా చూస్తాడు. చేతికైతే భుజం నుంచి మణికట్టు దాకా ఒక లెక్క, అరచేతికీ వేళ్లకూ మరో లెక్క. చెవుల దగ్గర సూత్రం ఇంకా సున్నితమైనది. బాగా వినిపించే చెవి లోపానికి ఐదు వాటాలు, రెండో చెవికి ఒక వాటా వేసి ఆరుతో భాగించాలి. మనిషి బతికేది మంచి చెవి మీద ఆధారపడే కదా! అంటే మంచి చెవి పరీక్షలో దొర్లిన పొరపాటు రెండో చెవి పొరపాటు కన్నా ఐదు రెట్లు బరువు తూగుతుంది. శబ్దం వచ్చే గదిలో, వంద మంది క్యూలో ఉండగా ఆ పరీక్ష చేయడం ఇంత జాగ్రత్తగా కట్టిన సూత్రానికి అన్యాయం.

పింఛను పరీక్ష చేసే బోర్డు తన ముందున్నది ఒక్క పింఛను ఫైలే అనుకోకూడదు. పాత కొలతలు పక్కన పెట్టుకుని, ఏ కీలులో, ఏ కండరంలో తేడా వచ్చిందో రాయకుండా శాతాన్ని మార్చకూడదు. పింఛనుకు అర్హత లేదన్న నిర్ణయాన్ని సర్టిఫికెట్ రద్దుతో కలిపేయకూడదు. అవి వేర్వేరు పనులు.

నోటీసు అందినవారికి ఒక మాట. పాత సర్టిఫికెట్ నకలు, పాత ఎక్స్‌రేలు, ఆడియోగ్రామ్‌లు పారేయకండి. కొత్త అంకె ఎలా వచ్చిందో కొలతల కాగితం అడిగి తీసుకోండి. 30, 18 అని రెండు అంకెలు కనిపిస్తే పై లెక్క మీరే వేసి చూసుకోవచ్చు. ధ్రువపత్రం ఇచ్చే అధికారి నిర్ణయం మీద అప్పీలు చేసే హక్కు చట్టంలోని 59వ సెక్షన్ ఇచ్చింది. దాన్ని గడువు లోపల వాడుకోండి. బస్సు పాసు, రైలు రాయితీ, పన్ను మినహాయింపు, ఉద్యోగ రిజర్వేషను ఒక్కోటీ దేనిమీద ఆధారపడిందో విడివిడిగా విచారించండి. పింఛను పోయింది కదా అని మిగతావన్నీ మీ అంతట మీరే వదులుకోకండి. చివరికి 40 లోపే తేలినా ఆ తెల్ల కార్డు అడిగి తీసుకోండి.