స్ప్రింగు ఒంగే చోట

ఐబీఎం మోడల్ ఎం కీబోర్డును ఒంటిచేత్తో ఎత్తబోతే ముందు తెలిసేది దాని బరువు. రెండు కిలోల పైమాటే. అందులో లోపలున్న ఉక్కు రేకు వాటా పెద్దదే. అడుగున అంటించిన చీటీ మీద తయారైన తేదీ వేసి ఉంటుంది. నా దాని మీద 1989. ఈ రకం 1985లో మొదలై, 1987లో ఐబీఎం పీఎస్/2 కంప్యూటర్లతో పాటు ఆఫీసుల్లో బాగా వ్యాపించింది.

దీని గురించి మాట్లాడేవాళ్లంతా చప్పుడు గురించే మాట్లాడతారు. నాకు మాత్రం ఆ చప్పుడు ఎప్పుడు పుడుతుందన్నదే అసలు సంగతి. ఒక కీక్యాప్ ఊడబీకి చూడండి. కింద గొట్టంలాంటి గుంతలో సన్నటి స్ప్రింగు నిలబడి ఉంటుంది. దాని అడుగు ఒక చిన్న ప్లాస్టిక్ ముక్కకు తగిలి ఉంటుంది. వేలు నొక్కేకొద్దీ స్ప్రింగు ముడుచుకుంటూ ఎదురుతిరుగుతుంది. ఇక తట్టుకోలేక ఠక్కున పక్కకు ఒంగి గొట్టం గోడను కొడుతుంది. అదే ఊపులో కింది ముక్క ఊగి, దాని అడుగున ఉన్న పలుచటి పొరలను నొక్కుతుంది. అక్షరం పడిపోయింది! వేలికి పట్టు సడలడం, చెవికి వినబడడం, కంప్యూటరుకు కబురందడం, మూడూ ఆ ఒక్క స్ప్రింగు చలవే. అదే చెర్రీ కంపెనీ నీలం స్విచ్చులో టిక్కుమనేది ఒక జారుడు ముక్క, కరెంటు కలిసేది వేరే రేకుల దగ్గర.

ఉక్కు రేకును వంపుగా చేయడం ఇంకో తెలివి. వరసల ఏటవాలు దాన్నుంచే వస్తుంది కాబట్టి అక్షరాల కీక్యాప్‌లన్నీ ఒకే అచ్చు. దేన్ని ఎక్కడ పెట్టినా కూర్చుంటుంది. వాటి మీది అక్షరాలు పైపూత కాదు, వేడితో ప్లాస్టిక్‌లోకి ఇంకించిన రంగు. నా దాని మీద ఒక్కటీ చెరగలేదు.

తెలుగు కొట్టేటప్పుడు దీని పనితనం మరీ బాగా తెలుస్తుంది. ఇన్‌స్క్రిప్ట్ అనే కీల అమరికలో గుణింతాలు ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతికి వస్తాయి. ఒత్తు కావాలంటే ఇంగ్లీషు డి ఉన్నచోట పొల్లు నొక్కాలి. 'అక్క'లో క, పొల్లు, మళ్లీ క: కుడి, ఎడమ, కుడి. పొల్లు సరిగా పడిందో లేదో తెర చూసుకోనక్కర్లేదు, వేలే చెబుతుంది. ఆ చప్పుడును ఇంట్లోవాళ్లు మెచ్చుకుంటారని మాత్రం ఆశ పెట్టుకోకండి.

లోపాలూ ఉన్నాయి. లోపలి పొరలను ఉక్కు రేకుతో కలిపి పట్టి ఉంచేవి కరిగించి అతికిన ప్లాస్టిక్ రివెట్లు. ఏళ్లు గడిచేకొద్దీ అవి విరుగుతాయి. అప్పుడు రంధ్రాలు చేసి బోల్టులు బిగించుకోవడమే మార్గం. కొన్ని కీలు మూడేసి కలిపి నొక్కితే మూడోది పలకదు కాబట్టి ఆటలాడేవాళ్లకు ఇది పనికిరాదు.

కొత్తది కావాలంటే అమెరికాలోని కెంటకీ రాష్ట్రం, లెక్సింగ్టన్‌లో 1996లో మొదలైన యూనికాంప్ ఇదే స్ప్రింగుతో కీబోర్డులు చేస్తోంది. విండోస్ కీ ఉన్న రకంలో స్పేస్‌బారు పొట్టిది. ఆ కీ లేకపోయినా సరే, నాకు ఈ పాత పొడుగు స్పేస్‌బారే కావాలి.