తెరమీది రొట్టె - పెనంమీది రొట్టె

మన హైస్కూలు పాఠాల్లో ఉష్ణం ఉంది, పిండిపదార్థం ఉంది, మాంసకృత్తులు ఉన్నాయి. వీటన్నిటికీ నిత్య ప్రయోగశాల అయిన వంటయిల్లు మాత్రం లేదు. 2023 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలల తరగతి గదుల్లోకి డిజిటల్ తెరలు వస్తూంటే, ఈ లోటు తీరుతుందని ఆశపడిన ఉపాధ్యాయుల్లో నేనొకణ్ణి.

నంద్యాలలో ఒక పాఠశాలలో అలాంటి తెరమీద యానిమేషన్ పాఠం చూశాను. గోధుమపిండిలో నీళ్లు పడగానే మాంసకృత్తులు గ్లూటెన్ అనే వలగా అల్లుకోవడం, పులిసినప్పుడు పుట్టిన వాయువు ఆ వలలో చిక్కి రొట్టె పొంగడం చక్కగా చూపారు. కంటికి కనబడనిదాన్ని కనబడేట్టు చేయడం ఈ ప్రక్రియకున్న బలం. సుద్దముక్కతో నేనెన్నడూ అంత స్పష్టంగా చెప్పలేకపోయాను.

పాఠం ముగిశాక ఒక బాలిక లేచి, "జొన్నపిండిలో కూడా ఈ వల ఉంటుందా, సార్?" అని అడిగింది. తెర జవాబు చెప్పలేదు. నేనూ చెప్పలేకపోయాను. జొన్న, కొర్ర వంగడాలమీద పరిశోధన చేసే వ్యవసాయ పరిశోధనా స్థానం ఉన్న ఊళ్లో, పాఠంలో జొన్న ఊసే లేదు!

జవాబు మర్నాడు ఆళ్లగడ్డలో ఒక కూలి కుటుంబం ఇంట్లో దొరికింది. ఆ తల్లి మరిగే ఎసరులో పిండి కలుపుతూ, "ఉడుకునీళ్లు పోయకుంటే రొట్టె ఇరిగిపోతాది సారూ" అన్నది. అదే శాస్త్రం. జొన్నలో గ్లూటెన్ లేదు. సుమారు 70 డిగ్రీల వేడి దాటితే పిండిపదార్థం నీరు పీల్చి, ఉబ్బి, జిగురవుతుంది. వల చేయవలసిన పని ఆ జిగురు చేస్తుంది.

ఇక్కడే ఆ చిత్రం దృక్పథం బయటపడుతుంది. అందులో పిండి తనంతట తానే కలుస్తుంది. మనిషి చెయ్యి ఎక్కడా లేదు. శ్రమను తుడిచేస్తే మిగిలేది సగం శాస్త్రమే. బడి ఆవరణలోనే మధ్యాహ్న భోజనం వండే స్త్రీలున్నారు. వారికి 2019లో నిర్ణయించిన గౌరవవేతనం నెలకు 3,000 రూపాయలు. వారికి తెలిసిన విద్యకు మన పాఠ్యక్రమంలో స్థానం లేదు.

యంత్రాన్ని తిట్టడం అభ్యుదయం కాదు. తెర ఉండవలసిందే. కాని పాఠం ఆ బాలిక ప్రశ్నతో మొదలుకావాలి. ఆ తల్లి చెయ్యి బొమ్మలోకి రావాలి. తెర ఆర్పిన తర్వాత మగపిల్లలు కూడా పిండి కలపాలి. అప్పుడే అది విద్య అవుతుంది. లేకపోతే వట్టి వినోదం.